ఎర్రమిట్ట మీద మూడో గేరు

బండి లాగడం లేదు. ఈ ఒక్క మాట హుసేనయ్య నోట వినీ వినీ ఉదయగిరి బస్టాండు కాడ టీ అంగడి శీనమ్మ కూడా "టీ తాగి పో సామీ, నీ బండి లాగితే నాకేంది, లాగకపోతే నాకేంది" అనే దాకా వచ్చింది. శీనమ్మకేంలే, ఆమె గిన్నె ఆమెకు మరిగితే చాలు. హుసేనయ్యకు మాత్రం ఆ బండే బతుకు. రామనారాయణ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా డ్రైవరు ఆయన. మొదట ట్రాక్టరు, తర్వాత పాత జీపు, ఆరేళ్ళుగా ఈ తెల్ల పికప్పు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చేతిలో స్టీరింగు లేకపోతే ఆ చేతులు యాడ పెట్టుకోవాలో తెలీని మనిషి.

రామనారాయణ నిమ్మతోటలు దుర్గం కొండ వైపు, ఎర్రమిట్టకు అవతల ఉండాయి. తోటలో బస్తాలు ఎక్కించుకొని ఆ మిట్ట ఎక్కి దిగితేనే తారు రోడ్డు. ఆడినించి ఆత్మకూరు మీదగా పొదలకూరు మార్కెట్టు. ఎండాకాలం నిమ్మకాయకు గిరాకీ ఎక్కువ, ఓపిక తక్కువ. వేలంపాట మొదలయ్యే లోపల కాయ చేరితే సరే సరి. ఆలస్యమైతే వాడిపోయిన కాయను అడిగే నాథుడు ఉండడు.

ఎర్రమిట్ట ఎక్కడమంటే మాటలు కాదు. గులకరాళ్ళ దారి, నడుమ ఒక మలుపు. నిండు లోడుతో దాన్ని మూడో గేరులో ఎక్కించే మొనగాడు ఆ చుట్టుపక్కల హుసేనయ్య ఒక్కడే అని పేరు. పైకి ఎక్కినాక రెండు సార్లు హారను కొడతాడు. మిట్ట కింద పల్లెలో ఆయన పెళ్ళాం రోశమ్మ ఆ హారను విని, ఇంక మనిషి దారిన పడ్డాడు అనుకొని, అప్పుడు పొయ్యి ముట్టిస్తాది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో గడియారం అదే.

అట్టాంటి బండి మాఘమాసం నించి మొరాయించడం మొదలుపెట్టింది. మొదట రవ్వంత. యాక్సిలేటరు తొక్కితే ఇంతకుముందు మాదిరి ముందుకు ఉరకడం మానేసింది. ఆనక గేర్లు. రెండు నించి మూడుకు మార్చబోతే కర్రుమని అరుపు. రివర్సు వేస్తే వీధి వీధంతా తిరిగి చూడాల. ఉగాది నాటికి మిట్ట మీద మూడో గేరు పోయి రెండో గేరు అయింది. చైత్రం దాటేసరికి ఒకటో గేరులో మూలుక్కుంటా ఎక్కే కాడికి వచ్చింది. రోశమ్మ పొయ్యి కూడా రోజురోజుకూ ఆలస్యంగా ముట్టుకుంటా వచ్చింది.

దానికి తోడు కాళ్ళ నొప్పులు. క్లచ్చి తొక్కీ తొక్కీ ఎడమ పిక్క రాయి మాదిరి బిగుసుకుపోతా ఉండాది. ఇంటికొచ్చి గడప మీద కూలబడితే మళ్ళీ లేచేదానికి గోడ పట్టుకోవాల. ఈ నొప్పుల సంగతి రోశమ్మకు ఒక్కదానికే చెప్పినాడు. డ్రైవరుకు కాళ్ళు నొప్పులని బయట చెప్పుకుంటే ఇంకేముంది.

రోశమ్మ చూస్తా ఊరుకునే మనిషి కాదు. చెప్పులేసుకొని బండెక్కడం హుసేనయ్య ఇంటా వంటా లేదు. చెప్పులు కింద విప్పి, స్టీరింగుకు దణ్ణం పెట్టుకొని, అప్పుడు ఎక్కుతాడు. కాళ్ళ కింద రబ్బరు మ్యాటు ఎప్పుడో చిరిగిపోయింది. ఆ చిరుగులోంచి ఇంజను వేడికి కాలిన రేకు తగిలి మాఘమాసంలో అరికాళ్ళు బొబ్బలెక్కినాయి. అది చూసి రోశమ్మ రెండు పాత చీరెలు మడిచి చిన్న బొంత కుట్టింది. సీటు కాడ్నించి ముందు రేకు దాకా నిండుగా పట్టేటట్టు, జానతో కొలిచి మరీ కుట్టింది. ఆ తర్వాత ఆయన కాళ్ళు నొప్పి అన్నప్పుడల్లా ఇంకో చీరె తెచ్చి ఇంకో పొర వేసింది. అట్టా వేసిన వాటిలో ఒకటి తన పెళ్ళి చీరె. ఎర్రది, జరీ అంచుది.

"పెళ్ళి చీరె ఎందుకే" అన్నాడు హుసేనయ్య.

"పెట్టెలో ఉండి ఏం చేస్తాదిలే. నీ కాళ్ళ కిందైనా మెత్తగా ఉంటాది" అనింది ఆమె. "షెడ్డుకు పోయినప్పుడు మాత్రం ముందే తీసి ఎత్తిపెట్టుకో. గ్రీజు కాళ్ళతో ఎవరన్నా తొక్కినారంటే నేనూరుకోను."

హుసేనయ్య ఆ మాట దాటలేదు. దాటుంటే ఈ కథే లేదు.

షెడ్డంటే ఆత్మకూరులో కామయ్య షెడ్డు. ఉదయగిరినించి గంటన్నర దారి. కామయ్యకు నోరు పెద్దది, చేతిలో పని కూడా ఉండాది, అబద్ధమెందుకు చెప్పాల. మూడు నెలల్లో నాలుగు సార్లు పోయినాడు హుసేనయ్య. నాలుగు సార్లూ అదే తంతు. షెడ్డు ముందర బండి ఆపడం, బొంత చుట్టి చంకలో పెట్టుకొని దిగడం, వేపచెట్టు కింద దాన్నే పరుచుకొని కూర్చోవడం.

"ఏంది హుసేనూ, రిపేరికి వచ్చినావా, పడకేసేదానికి వచ్చినావా?" అని కామయ్య ఎగతాళి.

"నీ పని నువ్వు చూడబ్బా" అని ఈయన విసురు.

మొదటిసారి కామయ్య డీజిలు ఫిల్టరు మార్చినాడు, మడ్డి పట్టిందన్నాడు. రెండోసారి గాలి ఫిల్టరు మార్చి, సైలెన్సరు విప్పి చూసి, మళ్ళీ బిగించినాడు. మూడోసారి గేరుబాక్సు దించి క్లచ్ ప్లేటే కొత్తది వేసినాడు. పనైనాక ప్రతిసారీ తనే ఎక్కి సోమశిల రోడ్డులో నాలుగు మైళ్ళు తోలి తిరిగి వచ్చి "పో, నీ బండి బంగారం మాదిరి ఉండాది" అని తాళం చేతిలో పెడతాడు. హుసేనయ్య సంతోషంగా బొంత పరుచుకొని, దణ్ణం పెట్టుకొని బయలుదేరతాడు. కలిగిరి చేరే లోపల బండి మళ్ళీ మూలుగుతాది. మనిషికి ఒళ్ళు మండి, స్టీరింగు మీద చేత్తో కొట్టి, మళ్ళీ తప్పైపోయిందని దణ్ణం పెట్టుకుంటాడు.

నాలుగోసారికి కామయ్యకు మండింది. మార్చేదానికి ఏమీ మిగల్లా. ఊరికే తోలి చూసి వచ్చి, పదిమంది వింటా ఉండగా అనేసినాడు.

"బండికేం రోగం లేదబ్బా. రోగం నీ కాలికి. క్లచ్చి అడుగంటా తొక్కితే గేరెందుకు అరుస్తాది? యాక్సిలేటరు అడుగంటా తొక్కితే బండెందుకు ఉరకదు? నువ్వు రెండూ సగం సగం తొక్కతా ఉండావు. కాళ్ళలో సత్తువ పోయింది. వయసు. ఒప్పుకుంటే పోయేదేముంది."

సగమే తొక్కతా ఉండాడన్నది నిజం. ఎందుకు సగమో కామయ్య అడగలా, హుసేనయ్యకు తెలీదు. మొహం మాత్రం మాడిపోయింది. బొంత దులిపి చంకలో పెట్టుకొని, తలకాయ వంచుకొని బండెక్కినాడు.

కామయ్య అంతటితో ఆగినా బాగుండు. ఫోను చేసి సుకన్యకు కూడా చెప్పినాడు. సుకన్య రామనారాయణ కోడలు. మామకు మోకాళ్ళు పట్టేసినప్పటినించి తోటలు, గోడౌను, మార్కెట్టు అన్నీ ఆమే చూసుకుంటా ఉండాది. మంచి మనిషి, కాకపోతే పని దగ్గిర మొహమాటం లేదు. ఆ నెలలో అప్పటికే రెండు సార్లు కాయ పాట అయిపోయినాక చేరింది.

"హుసేనయ్యా, నువ్వు మా ఇంటి మనిషివి" అనింది గోడౌనులో కూర్చోబెట్టి. "నిన్ను పొమ్మనడం లేదు. గోడౌనులో కాయ ఏరించే పని చూసుకో, నీడపట్టున ఉంటావు. బండికి వింజమూరునించి సుధీరని ఒక అబ్బాయి వస్తాడు. రేపు ఒక ట్రిప్పు తోలి చూస్తాడు."

"లోపం బండిలో ఉండాదమ్మా."

"ఉంటే ఆ అబ్బాయికి కూడా తెలుస్తాది గదా."

 న్యాయమైన మాటే. నీడపట్టున కూర్చొని నిమ్మకాయలు ఏరించడమంట. ఇరవై రెండేళ్ళు స్టీరింగు పట్టినాక.

మర్నాడు తోటకు సుధీరు వచ్చినాడు. పాతికేళ్ళ పిల్లోడు, కాళ్ళకు తెల్ల బూట్లు. హుసేనయ్య ఆ బూట్లు చూసి, బొంత చుట్టి చంకలో పెట్టుకొని, తాళం ఇచ్చినాడు. రోశమ్మ పెళ్ళి చీరెను బూట్లతో తొక్కించడం ఆయన వల్ల కాదు.

ఇంక చూడండి. ఆ పిల్లోడు నిండు లోడుతో ఎర్రమిట్ట ఎక్కితే ఏమైంది? మూడో గేరు. అరుపు లేదు, మూలుగు లేదు. మలుపు కాడ కొంచెం కూడా తగ్గకుండా, పైకి పోయి, ఊరికే కుర్రతనానికి రెండు సార్లు హారను కూడా కొట్టినాడు. హమాలీలు ఈల వేసినారు. హుసేనయ్య కింద నిలబడి అంతా చూసి, చంకలో బొంత చుట్టతో ఇంటికి నడిచినాడు.

ఆడ రోశమ్మ పొయ్యి ముట్టించి, మొహం చేటంత చేసుకొని వాకిట్లోకి వచ్చుండాది. ఎన్నాళ్ళకో హారను అంత తొందరగా ఇనపడింది మరి. అంతలో మొగుడు నడిచి రావడం చూసింది.

"హారను ఇనపడింది గదయ్యా. బండి బాగైందా?"

"బాగైంది. తోలేవాడు మారినాడు" అన్నాడు హుసేనయ్య. గడప మీద కూలబడి, రెండు కాళ్ళూ ముందుకు చాపి, అవి తనవి కానట్టు చూసుకున్నాడు. "కామయ్య చెప్పిందే నిజం. నా కాళ్ళు అయిపోయినాయి."

 ఇరవై రెండేళ్ళలో ఒక్క కోడిపిల్లను తొక్కించని మనిషి. రోశమ్మ ఆముదం వెచ్చజేసి తెచ్చి, పిక్కలకు పట్టించి, గట్టిగా మర్దన చేసింది. ఆ తర్వాత లోపలికి పోయి ఇంకో చీరె తెచ్చి, బొంత విప్పి, సూది దారం తీసుకొని కూర్చుంది.

"బండే లేదు గదే, ఇంక బొంతెందుకు?"

"బండి యాడికి పోతాదిలే. ఇంకో పొర పడితే కాళ్ళకు ఇంకా సుకంగా ఉంటాది. రేపు వెంట తీసుకుపో" అనింది, దారం పళ్ళతో తుంచతా.

కాదంటే ఆమె బాధపడతాదని, మర్నాడు హుసేనయ్య ఆ బొంత చుట్ట పట్టుకొనే గోడౌనుకు పోయినాడు. గోడ మీద పెట్టి, నిమ్మకాయలు ఏరించినాడు. పచ్చివి ఒక కుప్ప, పండువి ఒక కుప్ప. మధ్యాహ్నానికి సుధీరు మార్కెట్టునించి వచ్చి, ఖాళీ బండిని ఎండలో ఆపేసి అన్నానికి పోయినాడు.

"హుసేనయ్యా, సాయంత్రం లోడుకు బండి కాలిపోతా ఉంటాది. కొంచెం వెనక్కు తోలి రేకుల కింద పెట్టు" అని సుకన్య తాళం ఇచ్చింది.

పది బారల దూరానికి బొంతెందుకులే అనుకున్నాడు హుసేనయ్య. చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకొని ఎక్కినాడు. స్టార్టు చేసి, ఎప్పటి మాదిరే పళ్ళు బిగబట్టి క్లచ్చి మీద బలమంతా పెట్టి తొక్కినాడు. కాలు చుర్రుమనింది. పెడలుతో పాటు కాలి వేళ్ళు కూడా అడుగు దాకా పోయి కాలిన రేకుకు తగిలినాయి. అబ్బా అనుకుంటా రివర్సు వేసినాడు. చప్పుడే లేదు. వెన్నలో వేలు పెట్టినట్టు పడింది గేరు.

హుసేనయ్య కదల్లా. ఇంజను తిరగతా ఉండాది, ఆయన అట్టే కూర్చున్నాడు. గేరు తీసినాడు, మళ్ళీ వేసినాడు. మళ్ళీ చప్పుడు లేదు. అప్పుడు మెల్లగా వంగి తన కాళ్ళ కిందికి చూసినాడు. రేకు. ఒట్టి రేకు. మూడు నెలలుగా తన కాలికి తగలని రేకు.

దిగి పోయి గోడ మీది బొంత తెచ్చినాడు. రోజూ పరిచినట్టే పరిచి, మళ్ళీ తొక్కినాడు. క్లచ్చి పెడలు బొంతను ఒత్తుకొని ఆగిపోయింది. చేత్తో కొలిచినాడు. రేకుకు మూడు వేళ్ళ పైనే ఆగిపోయింది. గేరు వేసినాడు, కర్రుమని అరిచింది. పక్కన యాక్సిలేటరు తొక్కినాడు, అదీ అంతే, సగం దిగి మెత్తగా ఒరుసుకొని నిలబడింది. బొంత లాగేసినాడు. క్లచ్చి అడుగంటా దిగింది, గేరు పడింది, యాక్సిలేటరుకు బండి గర్జించింది. మళ్ళీ పరిచినాడు, అరుపు. మళ్ళీ తీసినాడు, చప్పుడు లేదు.

ఇంత అనుభవమున్న మనిషికి ఇన్నాళ్ళు తెలీలేదా అని మీరడగొచ్చు. మీ అన్నంలో రోజుకొక ఉప్పుగల్లు ఎక్కువేస్తే మీకెన్నాళ్ళకు తెలుస్తాదో చెప్పండి ముందు. పొర మీద పొర పడే కొద్దీ పెడలు రవ్వంత పైనే ఆగింది. పెడలు ఆగే కొద్దీ ఆయన ఇంకా బలంగా తొక్కినాడు. తొక్కే కొద్దీ కాళ్ళు నొప్పి పుట్టినాయి. నొప్పి అన్నప్పుడల్లా ఆమె ఇంకో పొర వేసింది. ఇంక కామయ్య సంగతి. ఆయన చెయ్యి పెట్టిన ప్రతిసారీ బొంత బండిలో లేదు, వేపచెట్టు కింద ఉండాది, దాని మీద హుసేనయ్య ఉండాడు.

వేపచెట్టు గుర్తుకొచ్చేసరికి హుసేనయ్యకు నవ్వొచ్చింది. స్టీరింగు మీద తల ఆనించి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వినాడు. నాలుగు సార్లు రోగాన్ని చంకలో పెట్టుకొని పోయి, వైద్యుడి ముందర దాని మీదే కూర్చొని, రోగమేంది రోగమేంది అని అడిగినాడు. కాళ్ళు బాగుండాయి. తన కాళ్ళు తనకు బాగుండాయి. ఆ ఒక్క మాట లోపల అనుకుంటా ఉంటే ప్రాణం లేచొచ్చింది.

పరుగెత్తి పోయి సుకన్యకు చెప్పేయొచ్చు. కానీ పదిమందిలో పోయిన పరువు పదిమందిలోనే రావాలని హుసేనయ్య పట్టుదల. ఆయనకు కోపం తక్కువేం కాదు.

"అమ్మా, రేపు లోడు మిట్ట ఎక్కేటప్పుడు మీరొకసారి రావాల. కామయ్యను కూడా పిలిపించండి. ఆ తర్వాత మీరు నిమ్మకాయలు ఏరమంటే ఏరతా, ఊడవమంటే ఊడస్తా."

సుకన్య ఆయన మొహం వంక చూసి, ఎందుకని అడక్కుండా ఫోను తీసింది.

మర్నాడు తెల్లారేసరికి మిట్ట కింద తిరనాళ్ళ మాదిరి జనం. పల్లెలో వాళ్ళు, హమాలీలు, తెల్ల స్కూటరు మీద సుకన్య. కామయ్య ఆత్మకూరునించి మోటారు సైకిలు మీద, తమాషా చూడాలని తెల్లవారుజామునే బయలుదేరి వచ్చినాడు. బండి నిండా నిమ్మకాయల బస్తాలు. సుధీరు ఎక్కబోతా ఉంటే హుసేనయ్య బొంత తీసుకొని ముందుకు వచ్చినాడు.

"రేకు కాలతాది అబ్బయా. నేను రోజూ వేసుకొనేది. బూట్లు విప్పి తోలు" అని తన చేత్తోనే పరిచినాడు.

"మంచిది మామా, మెత్తగా ఉండాది" అని సుధీరు బూట్లు పక్కన పెట్టి ఎక్కినాడు.

ఒకటో గేరుకే అరిచింది. సుధీరు మొహం మారింది. రెండో గేరుకు ఇంకా గట్టిగా అరిచింది. యాక్సిలేటరు మీద నిలబడినంత పని చేసినాడు, బండి మూలిగిందే గానీ ఉరకలా. మలుపు దాకా పోయే లోపల ఊపిరి అయిపోయి ఆగిపోయింది. హమాలీలు ఉరికి పోయి వెనక చక్రాలకు రాళ్ళు పెట్టినారు. సుధీరు చెమటలు కక్కుకుంటా తల బయటపెట్టి, "నిన్న బాగుండాదే, రాత్రికి రాత్రి ఏమైంది దీనికి" అన్నాడు.

కామయ్య ఆగుతాడా? అందరికంటే ముందు పోయి బానెట్టు ఎత్తినాడు. వైర్లు కదిపినాడు, పైపులు పిసికినాడు. "డీజిలు పంపు పోయింది. నెల్లూరు పోవాల్సిందే" అని తీర్పు చెప్పినాడు.

"బానెట్టు మూసి పక్కకు జరుగు కామయ్యా" అన్నాడు హుసేనయ్య. "మొన్న రోగం కాలిదన్నావు. ఈ పిల్లోడి కాళ్ళు కూడా ఒక్క రోజులో ముసలైపోయినాయా?"

జనం గొల్లుమన్నారు. సుధీరు బండి దిగినాడు. హుసేనయ్య తలుపు కాడికి పోయి, వంగి, బొంత కొస పట్టుకొని ఒక్క గుంజు గుంజినాడు. చెప్పులు విప్పినాడు. స్టీరింగుకు దణ్ణం పెట్టుకొని, ఎక్కి కూర్చున్నాడు. రాళ్ళు తియ్యమని చెయ్యి ఊపినాడు.

నిండు లోడు, ఎదురు మిట్ట, ఆగిన చోటినించి ఎత్తుకోవాల. ఒకటో గేరు చప్పుడు లేకుండా పడింది. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కు జారకుండా ముందుకు కదిలింది. రెండో గేరు. కాలిన రేకు అరికాలికి తగలతానే ఉండాది, తగలనీ అనుకున్నాడు. మలుపు తిరగతానే మూడో గేరు. ఎర్రమిట్ట మీద మూడో గేరు. గులకరాళ్ళు చక్రాల కింద చిటచిటలాడతా ఉంటే తెల్ల బండి దుమ్ము లేపుకుంటా పైకి పోయింది. కింద జనం చేసే గోల ఆయనకు ఇనపడతా ఉండాది. పైన ఆపి, రెండు సార్లు హారను కొట్టినాడు. ఆ రెండు చాలక మూడోది కూడా కొట్టినాడు.

అందరూ ఆయాసపడతా పైకి వచ్చేసరికి హుసేనయ్య దిగి బండికి ఆనుకొని నిలబడుండాడు. సుధీరు తెచ్చిన బొంతను అందుకొని చూపించినాడు.

"ఇదమ్మా రోగం. ఇది కింద ఉంటే క్లచ్చి పూర్తిగా దిగదు, గేరు అరుస్తాది. యాక్సిలేటరు పూర్తిగా దిగదు, బండి ఉరకదు. షెడ్డుకు పోతే తీసేస్తా, బాగుంటాది. మళ్ళీ వేసుకుంటా, చెడిపోతాది." కామయ్య వైపు తిరిగినాడు. "నాలుగు సార్లు నీ వేపచెట్టు కింద దీని మీదే కూర్చోనుండా."

కామయ్య బొంత మందం వేళ్ళతో పట్టి చూసినాడు. "నాకు చెప్పాల్సింది గదా" అని గొణిగినాడు.

"పడకేస్తావా అని అడిగినావు. ఎందుకు తెచ్చినావు అని ఒక్కసారి అడిగినావా?"

 కామయ్య తనే వచ్చి హుసేనయ్య భుజం మీద చెయ్యి వేసి, "తప్పు నాదే అబ్బా, పదిమందిలో అనుండకూడదు" అన్నాడు. ఆ మాట కూడా పదిమందిలోనే అన్నాడు, అది మెచ్చుకోవాల. సుధీరేమో బూట్లు చేత్తో పట్టుకొని, "మామా, ఆగిన బండిని జారకుండా ఎత్తుకున్నావే, అదెట్టో నాకు నేర్పించు" అని అడిగినాడు.

సుకన్య దగ్గిరికి వచ్చింది. "తాళం బండికే ఉండాది గదా హుసేనయ్యా. అది ఇంక నీ దగ్గిరే ఉంచు" అనింది. "నేను కూడా ముందు నీ కాళ్ళనే అనుమానించినా. మనసులో పెట్టుకోవద్దు. పో, పాటకు టైమవతా ఉండాది."

ఆ రోజు పొదలకూరు మార్కెట్టులో మొదట దిగిన కాయ హుసేనయ్య తెచ్చిందే. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే ఆలోచన. రోశమ్మకు ఏం చెప్పాల? నీ బొంతే నా పని పోగొట్టబోయిందని ఎట్ట చెప్తాడు? ఏదో పైపు పగిలిందని చెప్పేద్దామని, వింజమూరు దాటే లోపల మంచి అబద్ధం ఒకటి తయారుచేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి బొంత ఆమె ఒళ్ళో ఉండాది. పల్లెలో వాళ్ళు తెచ్చి ఇచ్చేసినట్టున్నారు. పక్కన కత్తెర, చుట్టూ గుడ్డ పేలికలు.

"ఏదో పైపు పగిలిందే, కామయ్య చూసి..." అని మొదలుపెట్టినాడు.

"పైపు లేదు, ఏమీ లేదు. పల్లె పల్లెంతా చెప్పేసినారు" అనింది రోశమ్మ, తల ఎత్తకుండా. కళ్ళు ఎర్రగా ఉండాయి. "నీ కాళ్ళు నొప్పన్నావని వేసినా. నేను వేసే కొద్దీ నీకు నొప్పి ఎక్కువైందంట గదా. ఎంత మొద్దుదాన్నయ్యా నేను."

"నువ్వు మొద్దైతే దాన్ని చంకలో పెట్టుకొని ఊళ్ళు తిరిగిన నేనేంది?" అన్నాడు హుసేనయ్య, ఆమె పక్కన కూర్చుంటా. అప్పుడు చూసినాడు. బొంతను సగానికి కోసేసింది. మడమలు ఆనే కాడికి మాత్రం, రెండు పొరలతో, చిన్న ముక్క కుట్టింది. పెడళ్ళ దాకా రాదు. మిగిలిన పేలికల్లో ఎర్ర చీరె జరీ అంచు అడ్డంగా తెగిపోయుండాది.

"పెళ్ళి చీరెను కోసేసినావా?"

"పోతే పోయిందిలే" అని రోశమ్మ చివరి ముడి వేసి, దారం తుంచి, ముక్కను ఆయన చేతిలో పెట్టింది. "ఈ మూడు నెలలూ పొయ్యి కాడ కూర్చొని నీ హారను కోసం చూసీ చూసీ నా ప్రాణం పోయింది. ఇంక పొద్దున్నే ఇనపడాల నాకు."

మర్నాడు ఆమె అగ్గిపెట్టె చేతిలో పట్టుకొని పొయ్యి ముందర కూర్చునే లోపలే ఎర్రమిట్ట మీద హారను రెండు సార్లు మోగింది.